ఒక ప్రాంతము – రెండు ప్రభుత్వములు

పాఠశాల గోడకు తగిలించిన ప్రపంచ పటము 1999 సంవత్సరమునకు ముందు అచ్చయినదైనచో, అందు కెనడా దేశపు ఉత్తరభాగము, పడమటి కొసనున్న యూకాన్ తప్ప, తక్కినదంతయు ఒకే రంగులో కనబడును. ఆ తరువాత అచ్చయిన పటములో ఆ రంగు రెండుగా చీలియుండును. ఒకదానిపై వాయవ్య ప్రాంతములనియు, రెండవదానిపై నునావుట్ అనియు పేర్లుండును. విద్యార్థి ఆ రెండు పేర్లను కంఠస్థము చేసి పరీక్షలో వ్రాసివచ్చును. ఆ గీతను ఎవరు గీసిరి, ఎవరిని అడిగి గీసిరి, గీయుటకు ముందు ఏమి సిద్ధపరచిరి అను ప్రశ్నలు మాత్రము పాఠమునకు వెలుపలనే ఉండిపోవును. ఒక రాష్ట్రము మూడుమార్లు రూపు మారుట చూచిన తెలుగువారికి ఈ ప్రశ్నలు పరాయివి కావు. కావున ఆ దూరదేశపు కథను కొంత వివరముగా తెలిసికొనుట మంచిది.

విభజనకు ముందున్న వాయవ్య ప్రాంతముల విస్తీర్ణము సుమారు 34 లక్షల చదరపు కిలోమీటర్లు. అనగా మన భారతదేశము కంటె కొంచెము పెద్దది. అంత నేలపై 1996 జనాభా లెక్కల ప్రకారము నివసించినవారు దాదాపు 64 వేలమంది మాత్రమే. మన జిల్లాలలో ఒక నడితరపు పట్టణపు జనము కంటె తక్కువ. అందులో తూర్పుభాగము వృక్షము మొలవని మంచునేల. అచ్చట నివసించువారిలో నూటికి 85 మంది ఇనూయిట్లు. పశ్చిమభాగమున అడవులు, మెకంజీ నది, గనులు కలవు. అచ్చట డెనేలు, మెటీలు అను ఆదివాసులును, దక్షిణమునుండి వచ్చి స్థిరపడిన తెల్లవారును కలసి యున్నారు. తూర్పున ఒక ఊరినుండి మఱియొక ఊరికి రహదారి దాదాపు లేదు. వేసవిలో ఓడ, తక్కిన కాలములో విమానము, లేదా మంచుబండి శరణ్యము. ఈ రెండు భాగములకు రాజధానియైన ఎల్లోనైఫ్ పశ్చిమముననే ఉండెను.

కెనడా రాజ్యాంగములో రాష్ట్రము వేరు, ప్రాంతము వేరు. రాష్ట్రమునకు అధికారము రాజ్యాంగమునుండి వచ్చును. ప్రాంతమునకు పార్లమెంటు చేసిన శాసనమునుండి వచ్చును. మన కేంద్రపాలిత ప్రాంతములను తలచుకొన్నచో ఈ భేదము కొంత బోధపడును. 1967 వరకు ఈ వాయవ్య ప్రాంతములకు తమ నేలపై రాజధాని కూడ లేదు. వేల కిలోమీటర్ల దూరమునున్న ఒటావా నగరమునుండియే అధికారులు పాలించుచుండిరి.

ఆ దూరపు పాలన ఎట్టిదో రెండు ఉదాహరణలు చాలును. ఇనూయిట్లకు పూర్వము ఇంటిపేరు పెట్టుకొను ఆచారము లేకుండెను. వారి పేర్లు పలుకుటయు వ్రాయుటయు కష్టమని తలచిన అధికారులు 1940 దశకమునుండి ఒక్కొక్కరికి ఒక సంఖ్య గల బిళ్లను ఇచ్చిరి. ప్రభుత్వపు కాగితములలో మనుష్యుడు ఆ సంఖ్యతోనే గుర్తింపబడెను. ఇక రెండవది. 1953లోను, 1955లోను క్యూబెక్ ఉత్తరతీరమునందలి ఇనుక్జువాక్ అను ఊరినుండి కొన్ని కుటుంబములను సుదూర ఉత్తరమునగల రెజొల్యూట్, గ్రైస్ ఫియర్డ్ అను చోట్లకు ప్రభుత్వము తరలించెను. వేట బాగుగా ఉండునని చెప్పిరి. అచ్చట వారిని పలుకరించినది నెలలతరబడి సూర్యుడు కనబడని చీకటియు, తెలియని నేలయు. ఇందులకు కెనడా ప్రభుత్వము 2010లో క్షమాపణ చెప్పినది. ప్రణాళిక అనునది అప్పుడును ఉండెను. ఆ ప్రణాళికలో మనుష్యులు ఉండిరి గాని, వారి మాట లేకుండెను.

ఈ ప్రాంతమును రెండుగా విభజింపవలెనను ఆలోచన మొదట పుట్టినది ఇనూయిట్లలో కాదు. 1963లో కెనడా ప్రభుత్వము ఇందుకై పార్లమెంటులో బిల్లులు ప్రవేశపెట్టెను. పశ్చిమభాగమునకు మెకంజీ అనియు, తూర్పుభాగమునకు నునాసియాక్ అనియు పేర్లు నిర్ణయించిరి. పశ్చిమమున స్థిరపడినవారు త్వరగా స్వపరిపాలనము పొందగోరిరి. విశాలమైన తూర్పుభాగము తమకు బరువని వారి భావము. తూర్పువారిని ఎవరును అడుగలేదు. అప్పటికి ప్రాంతీయ మండలిలో తూర్పు ప్రజలు ఎన్నుకొనిన సభ్యుడు ఒక్కడును లేడు. ఆ బిల్లులు శాసనములు కాకయే ముగిసినవి. తరువాత నియమింపబడిన కరొథర్స్ సంఘము 1966లో తన నివేదికను సమర్పించుచు, విభజనకు ఇది తరుణము కాదనియు, రాజధానిని ప్రాంతములోనికే మార్చవలెననియు సూచించెను. ఆ సూచన ఫలితముగనే ఎల్లోనైఫ్ రాజధాని అయినది.

పదేండ్లలో దృశ్యము మారినది. 1971లో ఇనూయిట్లు తమ జాతీయ సంస్థను స్థాపించుకొనిరి. 1976లో ఆ సంస్థ ఒక ప్రతిపాదనను కెనడా ప్రభుత్వము ముందుంచెను. ఈ నేలపై మాకు అనాదిగా హక్కు కలదు, దానిని గుర్తింపుడు, ఆ నేలకు నునావుట్ అను పేర ప్రత్యేక ప్రభుత్వమును ఏర్పరుపుడు అనునది దాని సారాంశము. నునావుట్ అనగా వారి భాషయైన ఇనుక్టిటుట్‌లో “మన నేల” అని అర్థము. ఒకప్పుడు పశ్చిమమువారు తూర్పును వదిలించుకొనుటకై కోరిన విభజన, ఇప్పుడు తూర్పువారు తమ్ము తాము పాలించుకొనుటకై కోరిన విభజన అయినది. గీత దాదాపు అదియే. కోరినవారు మారుటతో దాని అర్థము మారిపోయినది.

1982 ఏప్రిలులో ప్రాంతమంతటను ప్రజాభిప్రాయ సేకరణ జరిగినది. నూటికి 56 మంది విభజనకు అనుకూలముగా ఓటు చేసిరి. తూర్పున సుమారు ఐదుగురిలో నలుగురు అనుకూలురు. కెనడా ప్రభుత్వము సూత్రప్రాయముగా ఒప్పుకొనెను. కాని విభజనను ఒప్పుకొనుట ఒకటి, గీత ఎచ్చట గీయవలెనో నిర్ణయించుట వేరొకటి. చెట్లు మొలచు నేల ఎచ్చట ముగియునో అచ్చట గీయుడని కొందరనిరి. అది ప్రకృతి గీచిన గీతవలె తోచును. కాని వేటగాని కాలిబాటకు చెట్లు హద్దు కావు. రేనుజింకల మందను తరుముచు డెనేలు చెట్లు లేని నేలకు పోవుదురు. ఇనూయిట్లు చెట్లున్న నేలకు వత్తురు. ఇరువురి తాతలును తిరిగిన నేల మధ్యనే గీత పడవలెను. ఇరుపక్షములు సంవత్సరములతరబడి చర్చించియు ఏకాభిప్రాయమునకు రాలేకపోయినవి. తుదకు పూర్వము ఆ ప్రాంతమునకు కమిషనరుగా పనిచేసిన జాన్ పార్కర్‌ను మధ్యవర్తిగా నియమింపగా, ఆయన ఒక గీతను సూచించెను. 1992 మే నెలలో జరిగిన రెండవ ప్రజాభిప్రాయ సేకరణలో నూటికి 54 మంది దానిని ఆమోదించిరి. పశ్చిమమున వ్యతిరేకత గట్టిగానే ఉండెను. పశ్చిమ కొసనున్న ఇనువియాలూయిట్లు ఇనూయిట్లకు దాయాదులే అయినను, 1984లోనే తమ ఒప్పందమును వేరుగా చేసికొనినవారు గనుక పశ్చిమముననే నిలిచిపోయిరి. భాషనుబట్టి గాని, రక్తమునుబట్టి గాని గీచిన గీత ఎచ్చటను పూర్తిగా సరిపడదనుటకు ఇది నిదర్శనము.

1993 మే 25వ తేదీన ఇకాలూయిట్‌లో నునావుట్ భూహక్కుల ఒప్పందముపై సంతకములు జరిగినవి. దాని ప్రకారము సుమారు మూడున్నర లక్షల చదరపు కిలోమీటర్ల నేలపై ఇనూయిట్లకు యాజమాన్యమును, 14 సంవత్సరములలో చెల్లింపవలసిన నూరుకోట్లకు మించిన డాలర్ల ధనమును, ప్రత్యేక ప్రాంతము ఏర్పరచునను వాగ్దానమును లభించినవి. ఇందుకు ప్రతిగా తక్కిన నేలపై తమకు అనాదిగా కలదని చెప్పుకొను హక్కును వారు వదలుకొనిరి. ఇది సామాన్యమైన త్యాగము కాదు. లాభమా నష్టమా అను వాదము నేటికిని వారిలో కలదు. అదే సంవత్సరము జూను నెలలో పార్లమెంటు నునావుట్ శాసనమును ఆమోదించెను. క్రొత్త ప్రాంతము 1999 ఏప్రిలు 1వ తేదీన అవతరింపవలెనని నిర్ణయించిరి. అనగా శాసనమునకును అవతరణమునకును నడుమ దాదాపు ఆరేండ్ల వ్యవధి.

ఈ ఆరేండ్లే మనము ముఖ్యముగా గమనింపవలసినవి. ప్రణాళికను సిద్ధపరచుటకు ఒక సంఘమును నియమించిరి. అందు కెనడా ప్రభుత్వము, వాయవ్య ప్రాంత ప్రభుత్వము, ఇనూయిట్ల సంస్థ – ఈ ముగ్గురి పక్షమునను నియమితులైనవారుండిరి. దాని అధ్యక్షుడు జాన్ అమగోఆలిక్. 1953 నాటి తరలింపులో రెజొల్యూట్ చేరిన కుటుంబములలోని పసివాడే ఈయన. తన బాల్యమున తన్నడుగకయే తన నివాసమును మార్చిన ప్రభుత్వమునకు, నలువదేండ్ల తరువాత ప్రజలనడిగి ఒక ప్రభుత్వమును ఎట్లు నిర్మింపవలెనో చెప్పు బాధ్యత ఆయనకు దక్కినది. ఈ సంఘము 1995లో “క్రొత్త మంచులో అడుగుజాడలు” అను పేర తన సమగ్ర నివేదికను వెలువరించెను.

వారు ఎదుర్కొనిన ప్రశ్నలు వినుటకు చిన్నవి. మొదటి దినమున ఏ చట్టము చెల్లును? వాయవ్య ప్రాంతముల చట్టములన్నియు ఆనాటికి ఉన్నవి ఉన్నట్లు క్రొత్త ప్రాంతమునకు కూడ చెల్లునని నునావుట్ శాసనమే నిర్దేశించెను. తరువాత ఎవరికి కావలసిన మార్పులు వారు చేసికొనవచ్చును. దీనివలన ఒక్క దినమైనను చట్టములేని దినము లేకుండెను. రాజధాని ఎచ్చట? దీనిని నాయకులు తేల్చలేదు, ప్రజలు తేల్చిరి. 1995 డిసెంబరులో ఇకాలూయిట్, రాంకిన్ ఇన్‌లెట్ అను రెండు ఊళ్ల నడుమ ఓటు జరుగగా, నూటికి 60 మంది ఇకాలూయిట్‌ను ఎన్నుకొనిరి. ఇకాలూయిట్ అనగా చేపలు విస్తారముగా గల చోటు. ఉద్యోగములన్నియు రాజధానికే చేరినచో తక్కిన ఊళ్ల గతి యేమి? కార్యాలయములను, ఉద్యోగములను మరి పది ఊళ్లకు పంచవలెనని నిర్ణయించిరి. ఎల్లోనైఫ్ ఎదుగుదలను దూరమునుండి చూచినవారికి రెండవ ఎల్లోనైఫ్‌ను తమ నడుమ నిర్మించుకొను కోరిక లేదు.

శాసనసభ ఎట్లుండవలెను? ప్రతి నియోజకవర్గమునుండి ఒక పురుషుని, ఒక స్త్రీని ఎన్నుకొనవలెనని సంఘము సూచించెను. ప్రపంచములో ఎచ్చటను లేని సమానత్వమిది. దీనిపై 1997 మే నెలలో ఓటు జరుగగా, నూటికి 57 మంది వలదనిరి. సంఘము ఓడినది. కాని అడిగి ఓడినది. తరువాత 1999 ఫిబ్రవరిలో ఎన్నికైన 19 మంది సభ్యులలో స్త్రీ ఒక్కరే ఉండెను. ప్రజలనడిగినంతమాత్రమున ఎల్లప్పుడు ఉత్తమమైన సమాధానమే వచ్చునని ఎవరును భ్రమపడనక్కరలేదు. వచ్చిన సమాధానము వారిది అగును. తరువాత దానిని దిద్దుకొను బాధ్యతయు వారిదే అగును.

ఇక మిగిలిన పక్షము మాట. విభజనమనగానే క్రొత్తగా పుట్టిన ప్రాంతమునే అందరును చూతురు. పాత పేరుతో మిగిలినదికూడ ఆ దినమున క్రొత్తదే. వాయవ్య ప్రాంతములు సగమునకు మించిన నేలను కోల్పోయినవి. సభలో సభ్యులు 24 మందినుండి 14 మందికి తగ్గుదురని తేలినది. జనసంఖ్యలో సగముదాకా గల తమ నగరమునకు ఆ సభలో న్యాయమైన పాలు లేదని ఎల్లోనైఫ్ పౌరులు న్యాయస్థానమునకు వెళ్లి గెలిచిరి. స్థానములు 19కి పెరిగినవి. పాత ఇంటిలో ఉండువారికి కూడ పంపకము తరువాత గదులు మరల కొలుచుకొనక తప్పదు.

1999 ఏప్రిలు 1న నునావుట్ అవతరించినది. 34 ఏండ్ల పాల్ ఒకాలిక్ అను యువ న్యాయవాది తొలి ప్రధానమంత్రి అయ్యెను. సభలో రాజకీయ పక్షములు లేవు. సభ్యులందరు కలసి తమలోనుండి మంత్రులను ఎన్నుకొందురు. పరిపాలనము ఇనూయిట్లకే పరిమితమైనది కాదు. అచ్చట నివసించు ప్రతివానికి ఓటు కలదు. ఇనూయిట్లు అధిక సంఖ్యాకులగుటచే సహజముగనే అధికారము వారిది అయినది. ఇంత ముందుచూపుతో ఏర్పడిన ప్రభుత్వము కూడ మొదటి సంవత్సరముననే ఒక చిన్న పాఠము నేర్చుకొనెను. ప్రాంతమంతటికి ఒకే గడియారము ఉండవలెనని తలచి, అక్టోబరు 31న మూడు కాలమండలములను ఒకటి చేసెను. సూర్యుడు ఆ ఉత్తరువును పాటింపలేదు. తూర్పు ఊళ్లలో మధ్యాహ్నమే చీకటిపడసాగెను. ప్రజలు మొఱవెట్టగా 2001లో ప్రభుత్వము పాత పద్ధతికే మరలినది.

గడియారము ముల్లును వెనుకకు త్రిప్పుట సులభము. మనుష్యులను సిద్ధపరచుట సులభము కాదు. జనసంఖ్యలో ఇనూయిట్లు నూటికి 85 మంది గనుక ప్రభుత్వోద్యోగములలో కూడ వారి పాలు అంతకు చేరవలెనని ప్రణాళిక ఆశించినది. ఒప్పందమును పరిశీలించుటకు నియమింపబడిన థామస్ బెర్జర్ 2006లో ఇచ్చిన నివేదికలో ఆ పాలు 45 శాతము దగ్గరనే నిలిచినదని చెప్పెను. కారణమును ఆయన కార్యాలయములలో వెదకలేదు, పాఠశాలలలో వెదకెను. పిల్లలు మొదటి మూడు తరగతులు తమ భాషలో చదివి, నాల్గవ తరగతిలో ఒక్కమారుగా ఇంగ్లీషులోనికి దుముకవలెను. పై తరగతులకు తమ భాషలో పుస్తకములు లేవు, ఉపాధ్యాయులు లేరు. రెండు భాషలలో దేనియందును కాలూనక, నలుగురిలో ముగ్గురు ఉన్నత పాఠశాల ముగింపకయే మానివేయుచుండిరి. పాఠశాల ముగింపనివానికి ప్రభుత్వము ఉద్యోగము ఎట్లు ఇచ్చును? ఉద్యోగము ఇవ్వవలసిన చోట దక్షిణమునుండి వచ్చిన ఇంగ్లీషు తెలిసినవాడు కూర్చుండును. అప్పుడు కార్యాలయపు భాష ఇంగ్లీషే అగును. అది చూచి పిల్లవాడు తన భాషతో పనియేమని అనుకొనును. ఈ వలయమును తెగగొట్టుటకు మొదటి తరగతినుండి చివరి తరగతివరకు రెండు భాషలలోను బోధింపవలెనని బెర్జర్ సూచించెను.

ఆ మాట శాసనముగా మారినది. 2008 నాటి విద్యాశాసనము 2019–20 నాటికి అన్ని తరగతులలోను ద్విభాషా విద్యను వాగ్దానము చేసెను. ఆ గడువు వచ్చినది. ఉపాధ్యాయులు రాలేదు. 2020లో శాసనమును సవరించి, ఇనూయిట్ భాషాబోధనమును పై తరగతులకు విస్తరించు గడువును 2039 వరకు పొడిగించిరి. ఒప్పందములోని శిక్షణ వాగ్దానములు నెరవేరలేదని ఇనూయిట్ల సంస్థ కెనడా ప్రభుత్వముపై 2006లో వేసిన వ్యాజ్యము 2015లో 25 కోట్లకు పైగా డాలర్ల రాజీతో ముగిసినది. నేలలోని ఖనిజములపై పరిపాలనాధికారమును బదిలీ చేయు ఒప్పందము 2024 జనవరిలో గాని కుదురలేదు. అనగా ప్రభుత్వము ఏర్పడిన 25 ఏండ్లకు.

ఇట్లయినచో ఆరేండ్ల ప్రణాళిక వ్యర్థమా? కాదు. ఆ ప్రణాళిక దేనిని గూర్చి చక్కగా ఆలోచించెనో అది చక్కగా జరిగినది. చట్టము, రాజధాని, సభ, కార్యాలయముల పంపకము – వీటిలో వేటివలనను పెద్ద కలహము పుట్టలేదు. దేనిని ఆరేండ్లలో పూర్తిచేయవచ్చునని పొరపడెనో అది జరుగలేదు. ఒక ఉపాధ్యాయుడు తయారగుటకు ఒక తరము కావలెను. మొదట ఒక బాలుడు తన భాషలో చదువవలెను. తరువాత అతడు ఆ భాషలో చదువు చెప్పవలెను. ఈ లెక్కను ఏ శాసనమును తగ్గింపజాలదు.

ఇచ్చట మన అనుభవమును తలచుకొనుట అసహజము కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము అవతరించినప్పుడు కర్నూలులో కార్యాలయములు గుడారములలో నడచినవి. 2014లో ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ శాసనమునకు రాష్ట్రపతి ఆమోదము మార్చి 1న లభింపగా, జూను 2న రెండు రాష్ట్రములు ఏర్పడినవి. నడుమ కాలము మూడు నెలలు. అందును సార్వత్రిక ఎన్నికలు. పంపకము ఎనిమిది కోట్లకు పైబడిన జనమునకు సంబంధించినది. హైదరాబాదు పదేండ్లకు మించకుండ ఉమ్మడి రాజధానిగా ఉండవలెనని శాసనము చెప్పెను. ఆ గడువు 2024 జూను 2న ముగిసినది. తొమ్మిదవ, పదవ షెడ్యూళ్లలోని సంస్థల ఆస్తుల పంపకము ఆ పదేండ్లలో ముగియలేదు. అచ్చట శాసనమునకు తరువాత, అవతరణమునకు ముందు జరిగిన చర్చ, ఇచ్చట అవతరణమునకు తరువాత న్యాయస్థానములలోను, ఉత్తరప్రత్యుత్తరములలోను జరిగినది. 25 వేలమంది ప్రాంతమునకును ఎనిమిది కోట్ల రాష్ట్రమునకును ఒకే కొలబద్ద పెట్టుట న్యాయము కాదు. అట్లయినను, పంచుకొనవలసినది ఎంత ఎక్కువయో ముందుగా కూర్చుండి మాటలాడుకొనవలసిన కాలమును అంత ఎక్కువ కావలెననుట సామాన్యమైన లెక్కయే గదా. మనము దానిని తలక్రిందులు చేసితిమి.

అయినను నునావుట్ కథను ఆదర్శముగా పూజించుటకు గాని, వైఫల్యముగా త్రోసివేయుటకు గాని తొందరపడరాదు. సంఖ్యల బిళ్లలు మెడలో కట్టుకొని తిరిగిన తరము, తమ భాషలో పేరుగల ప్రభుత్వమును తమ కండ్లతో చూచినది. అది స్వల్పము కాదు. వారి మనుమలు ఆ భాషలోనే ఆ ప్రభుత్వముతో మాటలాడగలుగుదురా అనునది ఇంకను తేలని విషయము. 1999లో బడిలో చేరిన బాలునికి నేడు ముప్పది యేండ్లు దాటినవి. అతని పిల్లలు ఇప్పుడు బడికి పోవుచున్నారు. నాల్గవ తరగతి గదిలో వారికి పాఠము చెప్పువారు ఏ భాషలో చెప్పుచున్నారో, ఆ విభజన ఫలితమును అక్కడనే చూడవలెను.

మన పాఠశాలలో ఆ పటము ముందు నిలిచిన విద్యార్థికి ఉపాధ్యాయుడు ఆ గీతను చూపునప్పుడు, దానికి ఇరువైపులనున్న పేర్లతోపాటు ఈ సంగతికూడ చెప్పవచ్చును. పటముపై గీత పడినది ఒక్క దినమున. దానికి ముందు ముప్పది యారేండ్ల ఆలోచన కలదు. దానికి తరువాతి పని ఇంకను సాగుచున్నది. ఆ పనిలో పెద్దభాగము ఉపాధ్యాయులది.